యమ్నా చలికి ఒప్పుకున్న రోజులు

గోడకి ఇవతల యమ్నా, అవతల ఆమె మొగుడు అల్లాల్. పెళ్ళయిన ఏడాది నుంచి వాళ్ళ పగళ్ళన్నీ అలాగే గడిచాయి.

మర్రాకెష్ పాత ఊళ్ళో, వడ్రంగుల వీధి వెనక, మా పేట హమ్మాం, ఆవిరి స్నానాల ఇల్లు, ఉంది. ఇవతల ఆడవాళ్ళు ఆవిరిలో కూర్చుని నల్లసబ్బు రాసుకుంటారు. యమ్నా వాళ్ళకి వేణ్ణీళ్ళు తోడి పోస్తుంది, గరుకు తొడుగు చేతికి వేసుకుని వీపులు రుద్దుతుంది, బాలింతలకి నడుము నొక్కుతుంది. అవతల, సందులోంచి మెట్లు దిగితే వచ్చే చీకటి గదిలో, అల్లాల్ పొయ్యి కాస్తాడు. రంపపు పొట్టు, ఆలివ్ పిప్పి, వడ్రంగులు పారేసిన చెక్కముక్కలు, ఏది దొరికితే అది పారతో మంటలోకి విసురుతాడు. నీళ్ళు చల్లబడ్డాయనిపిస్తే యమ్నా నీళ్ళు తోడే రాగి తాసుతో గోడ మీద రెండు దెబ్బలు కొడుతుంది. కాసేపటికి కాళ్ళ కింద రాయి వెచ్చబడుతుంది.

"మా ఆయన జవాబు చెప్పాడు," అంటుంది యమ్నా.

"మా ఆయనకి చెవిలో అరిచినా వినపడదు. నీ మొగుడికి గోడలోంచి వినపడుతుంది. ఎక్కడ దొరికాడే నీకు?" అని ఒకావిడ వీపు రుద్దించుకుంటూ అడిగింది ఒకసారి.

"కొండ మీది మంచులోంచి దొర్లి పడ్డాడమ్మా," అంది యమ్నా.

అది నిజమే. అల్లాల్‌ది అట్లాస్ కొండల్లో పై ఊరు. చలికాలం వస్తే అక్కడ ఇళ్ళ కప్పులూ దారీ ఏకమైపోతాయి. కుర్రతనంలో ఒంటి మీద ఒక్క పొడుగు అంగీతో, జల్లాబాతో, కిందికి దిగొచ్చి, ఊళ్ళో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు వెతుక్కుని అక్కడే పనికి కుదిరాడు. యమ్నా ఆ కొండని ఎన్నడూ ఎక్కలేదు. మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు దూరంగా తెల్లగా కనిపిస్తే, అదేదో ఆకాశం ఆరేసుకున్న దుప్పటి అన్నట్టు ఒక చూపు చూసి దిగిపోయేది.

మాకు చలి అంటే పడదు. మా పేటలో కడుపునొప్పి వస్తే చలి పట్టిందంటారు, కీళ్ళు నొస్తే చలంటారు, పిల్ల కడుపు పండకపోతే గర్భంలో చలి కూర్చుందంటారు. అన్నిటికీ యమ్నా చేతులే మందు. ఆ చేతులకి ఇంకో పని కూడా తెలుసు. పేటలో ఆడమనిషి ఎవరు కన్నుమూసినా స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టడానికి యమ్నానే పిలుస్తారు. అది అల్లా కోసం చేసే పని. బిస్మిల్లా అని మొదలుపెట్టి, పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోస్తుంది. ప్రాణమున్న ఒంటి వెచ్చదనం ఎలా ఉంటుందో, ప్రాణం పోయిన ఒంటి చల్లదనం ఎలా ఉంటుందో ఆమె అరచేతులకి విడివిడిగా తెలుసు. ఆ రెంటికీ మధ్య మరొకటి ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఆ గురువారం మధ్యాహ్నం నీళ్ళు చల్లబడ్డాయి. యమ్నా గోడ మీద కొట్టింది. రాయి వెచ్చబడలేదు. మళ్ళీ కొట్టింది.

"అలిగాడేమోనే. పొద్దున్న ఏమన్నా అన్నావా?" అన్నారు ఎవరో ఆవిరిలోంచి.

"నిన్నటి పప్పే మళ్ళీ పెట్టాను," అంది యమ్నా నవ్వుతూ. కానీ చేతిలో తాసు కింద పెట్టేసింది. తడి బట్టల మీదే జల్లాబా తొడుక్కుని సందు చుట్టి వచ్చి మెట్లు దిగింది.

అల్లాల్ పొట్టు బస్తాల పక్కన వెల్లకిలా ఉన్నాడు. బూష్తా అతని మీద మోకాళ్ళ మీద వంగి రెండు చేతులతో రొమ్ము మీద దబదబ నొక్కుతున్నాడు. బూష్తా అంబులెన్సులో పనిచేసే మనిషి. వాళ్ళ జట్టువాళ్ళు గురువారం గురువారం మాంసం, వెల్లుల్లి, ఊరేసిన నిమ్మకాయ మట్టి కూజాలో వేసి, మూతికి కాగితం కట్టి, పొద్దున్నే అల్లాల్ బూడిదలో పెట్టి వెళ్తారు. తంజియా అంటాం దాన్ని. మధ్యాహ్నానికి అది వెన్నలా ఉడుకుతుంది. ఆ కూజా తీసుకుపోదామని వచ్చినవాడు, అల్లాల్ పార పట్టుకుని అలాగే కూలిపోవడం కళ్ళారా చూశాడు.

యమ్నాకి అదేమీ తెలియదు. బూష్తా వీపు మీద పిడికిళ్ళతో గుద్దింది. "ఒరే, మా ఆయన్ని చంపుతున్నావురా! ఏం చేశాడురా నిన్ను?"

"అక్కా, కొట్టు, ఎంతైనా కొట్టు, నన్ను మాత్రం లాగకు," అన్నాడు బూష్తా, చేతులు ఆపకుండా. "గుండె ఆగింది. నేను ఆపితే ఇక రాదు."

యమ్నా చేతులు గాలిలోనే నిలిచిపోయాయి. తర్వాత జరిగినదంతా ఆమెకి ఆవిరిలోంచి చూసినట్టే గుర్తు. బూష్తా జట్టువాళ్ళు షాకిచ్చే పెట్టెతో పరిగెత్తుకు రావడం, అల్లాల్ ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడటం, బూష్తా వేళ్ళు అతని మెడ మీద ఆగి వెతకడం.

"అల్‌హందులిల్లా. గుండె కొట్టుకుంటోందక్కా," అన్నాడు బూష్తా, చెమటా కన్నీళ్ళూ కలిపి తుడుచుకుంటూ. "మనిషి మాత్రం ఇంకా లేవలేదు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గుండె తిరిగింది గానీ కాసేపు తలకి నెత్తురు అందలేదు. మెదడు ఎంత దెబ్బ తిన్నదో, లేచాక మనుషుల్ని గుర్తుపడతాడో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. దాన్ని కాపాడటానికి చేయగలిగింది ఒకటుంది. ఒక రోజుకి పైగా ఒంటిని చల్లగా ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా మామూలు వేడికి తీసుకొస్తారు.

అన్ని మాటల్లో యమ్నా చెవికి చేరింది ఒక్కటే. చల్లగా.

సాయంత్రం ఆమెని లోపలికి పంపారు. అల్లాల్ గొంతులో గొట్టం. ఊపిరి మిషను అతని బదులు ఊపిరి తీస్తోంది. రొమ్ముకీ తొడలకీ మెత్తటి పట్టీలు చుట్టి ఉన్నాయి, వాటిలో చల్లనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. మెడ పక్కన, చంకల్లో మంచు సంచులు. రోజంతా మంట ముందు నిలబడే మనిషి, ముఖం ఎప్పుడూ రాగిచెంబులా మెరిసే మనిషి, తెల్లగా పడుకుని ఉన్నాడు. యమ్నా దుప్పటి అంచు ఎత్తి పాదం పట్టుకుంది.

ఆ చల్లదనం ఆమె అరచేతులకి తెలుసు. ఎంతమందికి ఆఖరి నీళ్ళు పోసిన చేతులు! 'పోయాడు,' అనుకుంది. 'పోయాడని నాకు చెప్పడానికి వీళ్ళకి నోరు రావట్లేదు.'

అప్పుడామె ఏం చేసిందో మా ఊరివాళ్ళెవరైనా అదే చేస్తారు. నర్సు పక్క మంచం వైపు తిరగ్గానే, భుజాన ఉన్న ఉన్ని శాలువా తీసి దుప్పటి కింద అతని కాళ్ళకి చుట్టబెట్టింది. పొట్ట మీదికి లాగింది. చంకలో మంచు సంచి తీసి గట్టున పెట్టింది. రెండు చేతులూ ఒకదానికొకటి రుద్ది వేడి పుట్టించి అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. హమ్మాంలో బాలింతలకి చదివే దువా చదువుకుంటూ రుద్దింది. చేతుల కింద పాదం ఏదో కదిలినట్టయింది. సన్నగా, ఈగ వాలిన గుర్రం చర్మంలా, ఒళ్ళంతా వణికింది.

"కదిలాడు!" అని అరిచింది.

మిషను కూయసాగింది. నర్సు షామా వచ్చి దుప్పటి ఎత్తి చూసింది. చిన్నపిల్ల, కళ్ళ కింద నిద్రలేమి. తిట్టలేదు. శాలువా తీసి, నీట్‌గా మడిచి, యమ్నా ఒళ్ళో పెట్టింది.

"పిన్నీ, అది లేవడం కాదు. ఒళ్ళు వేడి కోసం వణుకుతోంది. ఆ వణుకులో ఉన్న బలమంతా ఖర్చయిపోతుంది." మంచు సంచి మళ్ళీ చంకలో సర్ది, సూదిమందు ఏదో కొద్దిగా పెంచింది. వణుకు సద్దుమణిగింది.

"చచ్చిన పాదంలా ఉందమ్మా."

"ముప్పై మూడు డిగ్రీలు. మేమే అక్కడ నిలబెట్టాం. నెత్తురు లేక మాడిపోయిన మెదడు, మళ్ళీ నెత్తురు రాగానే పొంగుతుంది, దెబ్బ మీద దెబ్బ తింటుంది. చల్లగా ఉంచితే దానికి ఆకలి తక్కువ, తక్కువ గాలితో సరిపెట్టుకుంటుంది, పొంగు తగ్గుతుంది. నిద్రపోనీ పిన్నీ. నిద్రపోతున్నవాణ్ణి లేపి అన్నం పెడతామా?"

షామా వెళ్ళి గ్లాసుడు పుదీనా టీ తెచ్చి యమ్నా రెండు చేతుల మధ్య పెట్టింది.

"వేడి నీకు, ఆయనకి కాదు," అంది. "కావాలంటే చెయ్యొకటి పట్టుకో. పట్టుకోవడమే, రుద్దడం లేదు. నీ చేతుల సంగతి నాకు తెలుసు, మా అమ్మ వీపు తోలు ఒలిచింది నువ్వే."

"మీ అమ్మెవరే?"

చెప్పింది. ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. యమ్నా చల్లటి ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ప్రాణం పోయిన చెయ్యి బరువుగా జారిపోతుంది. ఇది జారలేదు. లోపలెక్కడో, చాలా అడుగున, నాడి నిదానంగా అడుగులు వేస్తోంది.

పొద్దున్నకి అల్లాల్ అక్క మెన్నానా కొండ దిగి వచ్చింది. తల్లి చచ్చాక తమ్ముణ్ణి వీపున కట్టుకుని పెంచిన మనిషి. చంకలో ఇంటి మగ్గం మీద నేసిన మందపాటి కంబళి. లోపలికి వెళ్ళి తమ్ముడి నుదురు ముట్టుకుని, బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది.

"మంచులో పెట్టార్రా నా బిడ్డని! మా నాన్నని మంచే తీసుకుపోయింది, వసంతంలో కరిగాక దొరికాడు, ఇదే రంగు, ఇదే చలి. తెలిసి తెలిసి వీణ్ణి కూడా దానికే అప్పజెప్పావా యమ్నా?"

"వదినా, బాగుచెయ్యడానికేనట..."

"బాగుచెయ్యడం! చేపని బాగుచేస్తారు మంచులో. లే, బండి మాట్లాడతాను. ఇంటికి తీసుకుపోదాం. పోతే మన మధ్య, కంబళిలో వెచ్చగా పోతాడు. నువ్వు ఊ అను చాలు. నువ్వు పెళ్ళానివి, నీ మాటే అడుగుతారు."

యమ్నా మెన్నానాకి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. పైగా తన అరచేతులు కూడా మెన్నానా మాటే అంటున్నాయి. లేచి అద్దంలోంచి లోపలికి చూసింది. షామా తన చేతుల్ని ముందు తన చెంపలకి ఆనించుకుని, చల్లగా లేవని చూసుకుని, అప్పుడు అల్లాల్ కనురెప్ప పైకెత్తి చూస్తోంది. ఎవరూ చూడటంలేదని అనుకుంటోంది ఆ పిల్ల. చలికి అప్పజెప్పినవాడి కంటికి చలి తగలకూడదని అంత జాగ్రత్త పడే మనిషి అబద్ధం చెప్పదు.

"ఊఁ అనను వదినా," అంది యమ్నా. "ఉండనీ."

మెన్నానా ఆమెతో మాట్లాడటం మానేసింది. కంబళి మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ, మధ్యమధ్య గోడతో అనేది: "పట్నం మనుషులు. పట్నం గుండెలు."

యమ్నా మాత్రం మధ్యాహ్నమంతా అల్లాల్ పక్కన, చెయ్యి పట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. మంచు మీద ఎండ పడి, ఆ తెలుపు గదిలోకి, దుప్పటి మీదికి, అల్లాల్ ముఖం మీదికి వచ్చి వాలింది. నిద్రా కాదు, మెలకువా కాదు. మిషను ఊపిరి ఆమె ఊపిరితో కలిసిపోయింది. చూస్తుండగానే ఆమె ఆ కొండ మీద ఉంది. ఎప్పుడూ ఎక్కని కొండ, అయినా దారి తెలిసినట్టే ఉంది. వాల్‌నట్ చెట్లు ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య అల్లాల్ నడుస్తున్నాడు, కుర్రవాడు, ఒంటి మీద ఒక్క జల్లాబా. వీపు ఇటు. అడుగుల చప్పుడు లేదు. ఎక్కుతున్నాడా, దిగుతున్నాడా తెలియడం లేదు. పిలవాలని నోరు తెరిచింది. పిలిస్తే ఉలిక్కిపడి జారిపోతాడేమోనని భయమేసింది. నీళ్ళలోకి దిగుతున్నట్టు చలి ఆమె మోకాళ్ళ దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది. అయినా కదల్లేదు. వింతగా, ఆ చలి ఆమెని ఏమీ చెయ్యలేదు. పల్చటి దుప్పటి కప్పినట్టు నిలబెట్టి ఉంచింది, అంతే. 'ఓ ప్రభూ, ఈ మంచు కూడా నీదేగా,' అనుకుంది.

కళ్ళు తెరిచేసరికి పొద్దువాలే వేళ అస్ర్ అజాన్ వినిపిస్తోంది. షామా ఆమె భుజాల మీద తన స్వెట్టర్ కప్పి వెళ్ళింది.

మర్నాడు వెచ్చబరచడం మొదలుపెట్టారు. పట్టీల్లో నీళ్ళని గంటకింత, చిటికెడు చిటికెడు వేడి పెంచుతున్నారు. మెన్నానా మౌనం విరిచింది.

"ఇప్పుడైనా బుద్ధొచ్చింది. అయితే ఈ చుక్కలు చుక్కలుగా ఏమిటి? పొయ్యండి వేణ్ణీళ్ళు!"

"వదినా, ఏటా షాబాన్ నెలలో హమ్మాం మూసి సున్నం వేస్తారు కదా. రాళ్ళన్నీ చల్లబడిపోతాయి. మళ్ళీ తెరిచేటప్పుడు మీ తమ్ముడు పొయ్యి ఎలా రాజేస్తాడో చూశావా? మొదటి రోజు గుప్పెడు పొట్టు. రెండో రోజు ఇంకో గుప్పెడు. యజమాని తిడుతున్నా వినడు. ఒక ఏడాది మా ఆయన జ్వరంతో పడుకుంటే వేరేవాడొచ్చి ఒక్కసారే మంట పెట్టాడు. నడిమి గదిలో రాయి అడ్డంగా పగిలింది. ఇప్పటికీ ఆ పగుల్లో పిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి."

మెన్నానా పూసలు ఆపి ఆలోచించింది. "వాడు చిన్నప్పుడు కూడా అంతే. రొట్టె ఒక్కసారి కొరికేవాడు కాదు," అంది. ఆ మాటలో కోపం సగమే ఉంది.

ఒళ్ళు మామూలు వేడికి వచ్చింది. నిద్రమందు ఆపారు. అల్లాల్ లేవలేదు.

ఆ రోజు పోయింది, మరునాడూ పోయింది. డాక్టరమ్మ వచ్చి కళ్ళలో దీపం వేసి చూసి, "కొందరు ఆలస్యంగా లేస్తారు, ఇంకా చూద్దాం," అని వెళ్ళింది. బయట బెంచీల దగ్గర లోకం లోకంలాగే ఉంది. హమ్మాం ఆడవాళ్ళు వంతులేసుకుని గిన్నెల్లో హరీరా సూపు తెస్తున్నారు. పక్క పేట పొయ్యి కాసే ముసలాయన తన పని ముగించుకుని వచ్చి అల్లాల్ పొయ్యి కూడా చూస్తున్నాడట. యమ్నా లేక ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నారట, రుద్దడం ఎవరికీ చేతకాక అందరికీ దద్దుర్లేనట. ఎవరో తెలియనావిడ, తన కొడుకు కోసం కూర్చున్నదే, దిండు తెచ్చి యమ్నా నడుము వెనక పెట్టింది.

"రేపు తీసుకుపోదాం యమ్నా," అంది మెన్నానా మెల్లగా. ఈసారి అరవలేదు, అందుకే తట్టుకోవడం కష్టమైంది. "నువ్వు చెప్పినట్టే చేశాం కదా. చలీ చూశాం, వేడీ చూశాం. వాణ్ణి ఇంకా ఈ గొట్టాలతో ఉంచడం పాపం."

యమ్నా తల దించుకుంది. ఆ దించడమే ఒప్పుకోలు అనుకుంది మెన్నానా.

పొద్దున్న, తమ్ముణ్ణి కడసారి చూస్తానని అడిగితే మెన్నానాని కూడా లోపలికి పంపారు. బూష్తా కూడా వచ్చాడు. జట్టువాళ్ళందరి తరఫునా కమలాపళ్ళు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. యమ్నా అల్లాల్ మీదికి వంగి తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది. రాత్రి సరిగా నిద్ర లేక తలగుడ్డ వదులైంది. నుదుటి మీదికి నెరిసిన పాయ ఒకటి జారింది. ఆమె చూసుకోలేదు.

అల్లాల్ కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీంచి లేచింది.

మెన్నానా గుండె బాదుకుంది. "షహాదా! వేలెత్తాడు! సాక్ష్యం చెబుతున్నాడమ్మా, పోతున్నాడు!" పోయేవాడు దేవుడొక్కడేనని సాక్ష్యం చెప్పేది ఆ వేలితోనే. ఆమె వంగి తమ్ముడి చెవిలో గబగబా ఆ సాక్ష్యం మాటల్నే, కలిమాని, చదవసాగింది. గుమ్మంలో బూష్తా కమలాపళ్ళు కింద పెట్టి తల వంచుకున్నాడు.

యమ్నా కూడా కలిమా అందుకోబోయింది. కానీ ఆ వేలు పైకి చూడటం లేదు. వణుకుతూ, ఆగుతూ, ఎవరో దూరం నుంచి దారి వెతుక్కుంటూ వస్తున్నట్టు, ఆమె వైపు వస్తోంది. అల్లాల్ కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. అవి ఆమె ముఖం మీద ఉన్నాయి. గుమ్మంలో పరాయి మగవాడి మీదికి ఒకసారి పోయి, మళ్ళీ ఆమె నుదుటి మీదికే వచ్చాయి.

వేలు ఆమె నుదురుని తాకింది. జారిన పాయని తలగుడ్డ లోపలికి నెట్టబోయింది. చేతకాలేదు. చెయ్యి దుప్పటి మీద పడిపోయింది. మళ్ళీ లేచింది.

యమ్నా అందేలా తల ఇంకాస్త వంచింది. సాయం చెయ్యబోయిన ఆమె చేతిని షామా పట్టుకుని ఆపింది.

"వద్దు పిన్నీ. ఆయన్నే చెయ్యనీ," అంది గుసగుసగా. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, నర్సునన్న సంగతి మర్చిపోయింది.

బూష్తా మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మెన్నానా కలిమా సగంలో ఆగింది. తమ్ముడి వేలునీ మరదలి జుట్టునీ మార్చి మార్చి చూసింది.

"సిగ్గులేనోడా!" అంది. "అటు దాకా వెళ్ళొచ్చి నీకు ముందు గుర్తొచ్చింది పెళ్ళాం జుట్టా? ఎత్తుకు పెంచిన అక్కని ఇక్కడున్నాను, నాకు సలాం లేదా?" అని, కంబళి ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

పాయలో సగం లోపలికి వెళ్ళింది, సగం బయటే ఉండిపోయింది. అల్లాల్ అలిసిపోయి కళ్ళు మూశాడు. ఈసారిది మామూలు నిద్ర, షామా చూసి చెప్పింది.

యమ్నా ఆ రోజంతా తలగుడ్డ సర్దుకోలేదు. మెన్నానా బయట బెంచీ మీద మోచేత్తో పొడిచింది: "జుట్టు కనిపిస్తోందే, లోపలికి తోసుకో, అందరూ చూస్తున్నారు."

"నేను తొయ్యను వదినా," అంది యమ్నా. "మిగతాది ఆయన లేచి తోస్తాడు."